పదకొండు వాయిదాలు

మార్చి 4

పొద్దున్న గాలిలోంచి నీళ్ళు పట్టే పెట్టె పన్నెండు లీటర్లే ఇచ్చింది. రోజూ పద్దెనిమిది ఇస్తుంది. గాలిలో తేమ తగ్గిందేమో అనుకున్నాను గానీ, బయట పొగమంచు పట్టి నీళ్ళకవతల ఎదర దిబ్బే కనపడటం లేదు. జల్లెడ విప్పి కడిగాను. నాచుపీచు కొంచెం పట్టి ఉంటే తీసేశాను. మళ్ళీ బిగించి మీట నొక్కితే నీళ్ళకి బదులు మాట వచ్చింది.

"నూకరాజు, ఏడో దిబ్బ, ఇల్లు నలభై. మీ మీద కోర్టు డిక్రీ అమలులో ఉంది. మొదటి కోత, మూడో వంతు. బకాయి పదకొండు వాయిదాలు."

నూకరాజు నా భర్త. పోయి పద్నాలుగు నెలలైంది. ఈ పెట్టె బాకీ పోయేముందే తీర్చేశాడు.

ఈ పుస్తకం పెట్టెతో పాటే ఇచ్చారు, ఏ రోజు ఎన్ని నీళ్ళు వచ్చాయో రాసుకోమని. మొదటి సగం ఆయన రాసిందే. ఆయన రోజుకొక అంకె వేసి వదిలేసేవాడు. నేనూ అలాగే వేస్తూ వచ్చాను. ఇవాళ అంకె ఒక్కటే వేస్తే సరిపోలేదు.

అత్తయ్య మంచం మీంచి అడిగింది, "ఏంటంటోంది అది?"

"తేమ తగ్గిందట," అన్నాను.

మార్చి 8

మంగళవారాలు కోర్టు పడవ వస్తుంది. నాచు ఆరబెట్టే కళ్ళంలో సగం పూట సెలవు పెట్టి రేవుకి వెళ్ళాను. తీర్పులిచ్చేది లోపలున్న యంత్రం. బయట బల్ల దగ్గర సుగుణరావు గారని గుమస్తా ఉంటాడు. అరవై ఏళ్ళుంటాయి. మనిషి మర్యాదస్తుడే.

"పెట్టెలమ్మిన కంపెనీ మూతపడిందమ్మా. దాని ఖాతాలన్నీ ఇంకో కంపెనీ కొనుక్కుంది. వాళ్ళ లెక్కలో మీ ఆయన పదకొండు వాయిదాలు బాకీ. దావా వేశారు. మీరెవరూ రాలేదు. యంత్రం ఎక్స్‌పార్టీగా డిక్రీ ఇచ్చేసింది."

"మాకు నోటీసు రాలేదండి."

ఆయన తెర మీద చూశాడు. "డిసెంబరు తొమ్మిదిన వచ్చింది. మీ పెట్టే మూడుసార్లు చదివింది. చదివితే అందినట్టే."

"ఆ బాకీ కట్టేశాడండి."

"రసీదుందా?"

"వెతుకుతాను."

"వెతకండి. ఉంటే పిటిషను వేద్దాం. రెండు వారాలకొక కోత పడుతుంది, ఆలస్యం చెయ్యకండి."

వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో బియ్యం సంచి, ఇంకొకావిడ చంకలో పిల్ల. నేను పక్కకి తప్పుకున్నాను. కళ్ళానికి తిరిగొచ్చి, అప్పటికే తిరగేసిన నాచు వరసని మళ్ళీ తిరగేశాను. ఎవరో చెప్తేగానీ తెలియలేదు.

మార్చి 9

ఇక దాచి లాభం లేదని అత్తయ్యకి చెప్పాను. విని మంచం మీద లేచి కూచుంది. తర్వాత, "ఆ రోజు నేనే గుడ్డ కప్పాను," అంది.

డిసెంబరులో ఒకరోజు నేను కళ్ళంలో ఉండగా పెట్టె మాట్లాడిందట. నూకరాజు, నూకరాజు అని పిలిచిందట.

"పోయినోడి పేరు అలా పిలుస్తుంటే ఏం వింటానే వరాలూ? దుప్పటి తీసి కప్పేశాను. కాసేపటికి ఊరుకుంది."

ఆ దుప్పటి నాకు గుర్తే. దుమ్ము పడకుండా కప్పింది కామోసు అనుకుని మడతపెట్టి లోపల పెట్టాను.

"పోన్లెండి అత్తయ్యా," అన్నాను. కోపం రావాలి. రాలేదు.

మార్చి 13

ఆదివారం. ఇల్లంతా వెతికాను. ఉన్నది ఒక్క గది, ఒక అటక, ఒక రేకు పెట్టె. ఆయన తాళ్ళూ కొక్కేలూ అటక మీద అలాగే ఉన్నాయి. ఆయనది మునక పని. ఊపిరికి గాలిసెట్టు భుజాన తగిలించుకుని, సముద్రంలో కలిసిపోయిన ఊళ్ళలోకి దిగి, గోడల్లోంచి రాగి తీగ లాగి తెచ్చేవాడు. కిందటేడు జనవరి పన్నెండున దిగినవాడు ప్రాణంతో పైకి రాలేదు. తాడు పట్టి లాగారు.

వాయిదాల రసీదులు ఒక దారానికి గుచ్చి ఉన్నాయి. ఇరవై అయిదు ఉన్నాయి. మొత్తం ముప్పై ఆరు ఉండాలి. చివరి పదకొండూ లేవు.

కట్టేశానని చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. పెద్ద తుఫాను పోయిన తర్వాత ఒక సాయంత్రం కాజాలు తెచ్చాడు. తడిగుడ్డతో పెట్టె అంతా తుడిచి, "ఇంక ఇది మనదే. ఎవడూ రాడు," అన్నాడు. ఒక్కసారే పదకొండు ఎలా కట్టావని అడిగాను. మంచి రాగి దొరికిందన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

పుస్తకం వెనక్కి తిప్పి ఆ రోజు పేజీ చూశాను. నవంబరు అయిదు. ఆయన రాతలో పద్దెనిమిది అని ఉంది. అంతే.

మార్చి 18

రెండో కోత. ఎనిమిది లీటర్లు.

వంటకి మూడు, తాగడానికి అయిదు. ఒళ్ళు కడుక్కోవడం, గిన్నెలు తోముకోవడం ఉప్పునీళ్ళతోనే. అత్తయ్యకి మూత్రపిండాలు బాగోవు, ఆవిడ తాగాల్సిందే మూడు లీటర్లు. నేను కళ్ళంలో ఇచ్చే నీళ్ళు తాగి, ఇంట్లో మానేశాను. పక్కింటి కన్నంనాయుడు గారు సాయంత్రం ఒక చెంబు పంపించారు. వాళ్ళింట్లో ఆరుగురు. రేపు వద్దని చెప్పొచ్చాను.

ఆయన గురించి ఆలోచిస్తున్నాను. ఆయన అబద్ధాలాడేవాడు. పెద్దవి కాదు. తినకుండానే తిన్నానని, పదిహేను బారలు దిగి ఎనిమిదే దిగానని. చెవిలోంచి రక్తం వచ్చిన రోజున దోమ కుట్టి గోక్కున్నానన్నాడు. ఎదుటివాళ్ళు బెంగపడకూడదని చెప్పే అబద్ధాలు. అవి చెప్పగలిగినవాడికి ఇది మాత్రం ఎంత? కాజాలు తెచ్చి, పెట్టె తుడిచి, కట్టేశానని ఉంటాడు. తర్వాత కట్టొచ్చనుకుని ఉంటాడు.

అలా అనుకున్నాక లోపల ఇంకేదో జరుగుతుందని చూశాను. ఏమీ జరగలేదు. నాచులో తడిసిన చేతుల్లాగే ఉంది, తిమ్మిరిగా.

మార్చి 22

సుగుణరావు గారికి దారం గుచ్చిన రసీదులు చూపించాను. లెక్కపెట్టి వెనక్కిచ్చాడు.

"ఈ ఇరవై అయిదూ వాళ్ళూ ఒప్పుకుంటున్నారమ్మా. పేచీ ఆ పదకొండు మీదే."

"రసీదు లేకపోతే ఇంకేం దారిలేదాండి?"

"రాజీ ఉంది. ఆ పదకొండూ మీ కూలిలోంచి నెలనెలా పట్టుకునేట్టు సంతకం పెడితే, ఆ రోజే నీళ్ళు పూర్తిగా వదులుతారు. చాలామంది అదే చేస్తున్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "కట్టినవాళ్ళు కూడా."

కాగితం ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చదివాను. రెండో వాక్యం ఇలా ఉంది: నా భర్త బాకీ ఎగవేసి మరణించినట్టు అంగీకరిస్తున్నాను.

అత్తయ్య చదవలేదు. నాచేత చదివించుకుంది.

"పెట్టకు," అంది.

"నీళ్ళు కావాలి కదా అత్తయ్యా."

"నా కొడుకు కట్టానన్నాడు. కట్టాడు."

"కట్టలేదేమో."

అనకూడదని తెలుసు. నోట్లోంచి వచ్చేసింది. గట్టిగా కూడా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందేమో అన్నట్టు అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చి 27

అయిదు రోజులుగా అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది. నీళ్ళు మాత్రం సగం గ్లాసు తాగి పక్కన పెట్టేస్తోంది.

"తాగండి," అంటే తల అడ్డంగా ఊపుతుంది.

తను తక్కువ తాగితే నేను సంతకం పెట్టే పని ఉండదని ఆవిడ లెక్క. నాకర్థమైంది. అర్థమైందని చెప్పలేదు.

మార్చి 30

కళ్ళం నుంచి వచ్చేసరికి అత్తయ్య గుమ్మం దగ్గర కూలబడి ఉంది. కాళ్ళు వాచాయి, పెదాలు పగిలిపోయాయి. కన్నంనాయుడు గారూ నేనూ పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాం. నర్సమ్మ వచ్చి సూది వేసింది.

"ఈవిడకి నీళ్ళు తగ్గించారా?" అని అడిగింది.

"తగ్గాయి," అన్నాను.

"ఇలాగైతే పదిరోజులు కూడా కష్టం. పెద్దాసుపత్రి పడవ ఎక్కించాలి. అక్కడ మాత్రం ఏం చేస్తారు? నీళ్ళే పెడతారు."

ఆ రోజు కూలి డబ్బులు పెట్టి అమ్మకానికొచ్చే నీళ్ళ డబ్బా ఒకటి కొన్నాను. చెంచాతో పట్టించాను. ఆవిడ నోరు మూసుకోలేదు. ఆ ఓపిక లేదు.

ఏప్రిల్ 1

మూడో కోత. అయిదు లీటర్లు.

ఏప్రిల్ 5

సంతకం పెడదామని వెళ్ళాను.

సుగుణరావు గారు కాగితం తన ముందు పెట్టుకుని ఒక్కొక్క గడీ అడిగి నింపాడు. పేరు వరహాలు. వయసు నలభై మూడు. మృతుడికి ఏమవుతారు. తర్వాత, "మీ ఆయన కట్టానని చెప్పిన తేదీ ఏమన్నా గుర్తుందా? గడీ ఉంది, నింపాలి," అన్నాడు.

"కిందటేడు కాదు, అంతకుముందు నవంబరు అయిదు."

రాయబోయి ఆగాడు. "పెద్ద తుఫాను ఎప్పుడొచ్చింది?"

"అక్టోబరు చివర్లో. కాజాలు తెచ్చింది తుఫాను పోయాకే."

కలం కింద పెట్టాడు. "అప్పుడు సిగ్నల్ స్తంభం పడిపోయింది కదమ్మా. నలభై రోజులు ఏ దిబ్బ లెక్కా పైకి పోలేదు, రసీదులూ రాలేదు. మరి వాయిదాలు ఎవరు తీసుకున్నారు?"

"కంపెనీ పడవ వచ్చేది."

"పడవలో ఎవరుండేవారు?"

నాకు గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. తెల్ల ముసుగు, పెద్ద కళ్ళద్దాలు. "జైనబ్బీ గారు."

"ఆవిడ చేత్తో రాసుకుని ఉంటుంది. వేరే దారి లేదు కదా. పైకి ఎక్కించారో లేదో ఎవరికి తెలుసు?" అని కాగితం మడిచి తన సొరుగులో పెట్టుకున్నాడు. "పదకొండో దిబ్బలో ఉంటోందని విన్నాను, బాతులు పెంచుకుంటోందట. వెళ్ళి అడగండి. ఈ కాగితం ఎక్కడికీ పోదు, వచ్చే మంగళవారం పెట్టొచ్చు."

ఏప్రిల్ 7

అత్తయ్యని కన్నంనాయుడు గారి భార్యకి అప్పగించి, రెండు పడవలు మారి పదకొండో దిబ్బకి వెళ్ళాను. జైనబ్బీ గారి ఇల్లు చివర్న ఉంది. బాతులకి నత్తలు చితక్కొడుతోంది. చూపు బాగా తగ్గినట్టుంది, నా గొంతు వచ్చిన వైపు మొహం పెట్టింది. సంగతి చెప్పాను.

"పుస్తకాలున్నాయమ్మా," అంది. "తుఫాను నెలవి రెండు. కంపెనీవాళ్ళు వచ్చి తీసుకుంటామన్నారు. ఈలోపు కంపెనీయే పోయింది. పారెయ్యడానికి చెయ్యాడలేదు. జనం డబ్బు కదా అందులో ఉంది."

ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గూటిలో పెట్టి ఉన్నాయి. తీసి నా చేతికే ఇచ్చింది. "నా కళ్ళకి ఆనదు. నువ్వే చూసుకో. తేదీల వరసే."

నవంబరు అయిదు దొరికింది. నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలు.

నూకరాజు, ఏడో దిబ్బ. పదకొండు వాయిదాలు, ఒకేసారి. డబ్బు లేదు. గాలిసెట్టు ఒకటి జమ. ఖాతా మూత.

రెండుసార్లు చదివాను. కింద ఆయన సంతకం ఉంది.

"ఏం జమ అని ఉంది?" అని అడిగింది జైనబ్బీ గారు.

"గాలిసెట్టు."

ఆవిడ చేతిలో రాయి ఆగింది. "అతనా," అంది. "గుర్తున్నాడమ్మా. ఆ వానాకాలం వానలకీ తుఫానుకీ పని లేక మూడు వాయిదాలు తప్పాయి, పెట్టె ఎత్తుకుపోతామని పైవాళ్ళు చెప్పారు. మా అమ్మకి ఉప్పునీళ్ళు పడవు, పెట్టె పోకూడదన్నాడు. సెట్టు తెచ్చి పడవలో పెట్టాడు. మూడు వాయిదాలకి సెట్టు ఎక్కువ కదయ్యా అంటే, చిల్లర తిరిగివ్వరు కదా, అయితే మొత్తం తీర్చేసుకో అన్నాడు. వద్దని చెప్పానమ్మా. నీకు అన్నం పెట్టేది అదే కదా అన్నాను. మూడు నెలల్లో ఇంకోటి కొనుక్కుంటా, అందాకా అద్దెది చూసుకుంటా అన్నాడు."

మూడు నెలలు గడవలేదు. నవంబరు అయిదు నుంచి జనవరి పన్నెండుకి అరవై ఎనిమిది రోజులు.

ఆ రోజుల్లో ఆయన భుజాన వేరే సెట్టు ఉండేది. పాతది, గొట్టం మీద అతుకులున్నది. నీదేమైందని అడిగితే మరమ్మత్తుకిచ్చానన్నాడు. చివరి రోజున పైకి తీసినవాళ్ళు చెప్పింది కూడా అదే, అతుకు దగ్గర గొట్టం విడిపోయిందని.

"తర్వాత కొనుక్కున్నాడా?" అని అడిగింది జైనబ్బీ గారు.

"లేదండి," అన్నాను.

ఆవిడ రాయి కింద పెట్టింది. లేచి, చేత్తో తడుముకుంటూ నాకు గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. మంగళవారం పడవకి తనే వస్తానంది.

ఇంటికొచ్చి అత్తయ్య మంచం పక్కన కూచున్నాను. "కట్టాడు," అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. పదహారు రోజుల తర్వాత నాతో మాట్లాడింది. "చెప్పాను కదా."

"చెప్పారు."

"దేంతో కట్టాడు అన్నీ?"

"రాగి అమ్మి," అన్నాను. ఆవిడ నీళ్ళడిగింది. గ్లాసు పూర్తిగా తాగింది.

ఏప్రిల్ 12

అత్తయ్య కోర్టుకి వస్తానంది. వద్దన్నాను. పడవ ఊగుతుంది, ఎండ, కాళ్ళవాపు, అన్నీ చెప్పాను.

"నా కొడుకు కట్టాడని నలుగురిలో చదువుతారు. నేను వినాలి," అంది. కన్నంనాయుడు గారు తోపుడు బండి మీద కూచోబెట్టి తెచ్చారు.

జైనబ్బీ గారు ముందే వచ్చి ఉంది. పైకి చదవకుండా కుదరదా అని సుగుణరావు గారిని పక్కకి పిలిచి అడిగాను. "రాతపుస్తకమైతే సాక్షి ఎదుట పైకి చదివి వినిపించాలమ్మా, రూలు," అన్నాడు.

ఆయనే చదివాడు. యంత్రం ముందు నిలబడి, నెమ్మదిగా, ఒక్కొక్క మాట. గాలిసెట్టు ఒకటి జమ అన్నప్పుడు నేను అత్తయ్య వైపు చూడలేదు. నేలకేసి చూశాను. పడవ నేల మీద ఎవరిదో చెప్పు తెగిన ముక్క ఉంది.

"సాక్షి, ఈ రాత మీదేనా?" అంది యంత్రం.

"నాదే," అంది జైనబ్బీ గారు.

"చెల్లింపు రుజువైంది. డిక్రీ రద్దు. కోతలు ఎత్తివేయబడ్డాయి."

అంతే. మా వెనకవాళ్ళని పిలిచింది.

సుగుణరావు గారు ఇంకో కాగితం ఇచ్చాడు. "తప్పు డిక్రీ వల్ల కలిగిన నష్టం రాయండి. కొత్త కంపెనీ ఇచ్చుకోవాలి."

కోత పడ్డ రోజులన్నీ కూడి, మూడు వందల ఎనభై లీటర్లు అని రాశాను.

"ఇంకేమన్నా ఉందా అమ్మా?"

"లేదండి."

ఆయన నావైపు కాసేపు చూసి, ముద్ర వేశాడు.

తిరిగొచ్చేటప్పుడు కన్నంనాయుడు గారు ముందు బండి లాగుతున్నారు, నేను వెనక పట్టుకుని నడుస్తున్నాను. సగం దారిలో అత్తయ్య అంది, "మరమ్మత్తుకిచ్చానని నాకూ చెప్పాడు."

గతుకు దగ్గర బండిని వెనక నుంచి ఎత్తి పట్టుకున్నాను.

"నువ్వు వాణ్ణి నమ్మలేదు."

"నమ్మలేదు అత్తయ్యా."

"నేను నమ్మాను," అంది. "నమ్మి ఏం చేశాను? మరమ్మత్తని చెప్తే, అదీ నమ్మాను."

చెయ్యి వెనక్కి చాపింది. పట్టుకున్నాను. పట్టుకుని నడిస్తే బండి పక్కకి లాగుతోంది. అయినా ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

ఏప్రిల్ 13

పద్దెనిమిది లీటర్లు. అత్తయ్యకి మంచినీళ్ళతో తలస్నానం చేయించాను.

ఏప్రిల్ 20

కంపెనీ మూతపడ్డప్పుడు ఆ సెట్టు వేలంలో నాలుగో దిబ్బ లోవరాజు కొనుక్కున్నాడని జైనబ్బీ గారు కబురంపింది. నేనే కనుక్కోమన్నాను.

ఇవాళ వెళ్ళాను. అతనిది చిన్న పడవ, ఒడ్డుకి దగ్గర్లోనే పని చేస్తున్నాడు. పాతికేళ్ళుంటాయి. రాయి మీద కూచుని చూశాను. అతను పైకొచ్చి, పడవ ఒడ్డుకి లాగి, సెట్టు విప్పి నా పక్కనే పెట్టాడు. భుజం పట్టీకి ఆకుపచ్చ చీరపేలిక కుట్టి ఉంది. అది నేను కుట్టిందే, పట్టీ ఒరుసుకుని ఆయనకి పుండు పడితే. దారం ఎక్కడా ఊడలేదు.

నేను చూస్తుంటే లోవరాజు అన్నాడు, "ఎవరో మెత్త పెట్టారండి. బాగుంది, ఒరుసుకోదు."

"గాలి సరిగ్గా వస్తోందా?" అని అడిగాను.

"బాగా వస్తోందండి. ఇరవై బారలు దిగినా ఇబ్బంది లేదు." తలెత్తి చూశాడు. "ఎవరండి మీరు? మీ వాళ్ళెవరన్నా మునక పని చేస్తారా?"

"మా ఆయన చేసేవాడు."

అతను తల ఊపి, టీ తాగుతారా అని అడిగాడు. వద్దన్నాను. కాసేపు కూచుని, తను తాగి, సెట్టు మళ్ళీ భుజానికెత్తుకుని, పడవ తోసుకుంటూ వెళ్ళి దిగిపోయాడు.

నా పడవకి టైమవుతోంది. అయినా లేవలేదు. నీళ్ళ మీద బుడగలు వస్తూనే ఉన్నాయి. ఎండ నెత్తి మీదకి వచ్చింది. మొదటిసారి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

చాలాసేపటికి అతని తల పైకి వచ్చింది. చేతిలో రాగి తీగ చుట్ట ఉంది. నేనింకా అక్కడే ఉండటం చూసి, ఎందుకో చెయ్యి ఊపాడు.

నేనూ ఊపాను. అప్పుడు లేచి రేవుకి నడిచాను.